‘ఫోన్లో వద్దులే’ అనే కాలం పోవాలి

ఇంట్లో ఫోనుంటే ఊరంతా గొప్పగా చెప్పుకునే రోజుల్లో టెలిఫోన్స్ డిపార్టుమెంటులో ట్రంకు ఆపరేటరుగా చేరాను. సూపర్వైజరుగా రిటైరయ్యాను. పెళ్లి కబుర్లు, చావు కబుర్లు, బేరాలు, అప్పులు, రాజకీయాలు అన్నీ నా చెవి పక్కనుంచే పోయేవి. రిటైరయ్యాక తీరిక దొరికింది. ఫోన్ ట్యాపింగు మీద వచ్చిన చట్టాలూ తీర్పులూ సంపాదించి చదివాను. పౌరహక్కుల సభలకు వెళ్లి విన్నాను.

ఇవాళ మా మనవల బ్యాంకు, చదువు, డాక్టరు, స్నేహాలు అన్నీ ఫోన్లోనే ఉన్నాయి. ఆ ఫోన్లోకి ప్రభుత్వం ఎప్పుడు రావచ్చు, ఎప్పుడు రాకూడదు, హద్దు దాటితే అడ్డుకునేది ఎవరు అన్న సంగతి వాళ్లకు ఏ బడిలోనూ చెప్పలేదు. నాకు తెలిసినంత చెప్పడం నా బాధ్యత అనుకుని ఈ పాఠాలు రాస్తున్నాను.

1. వినగలగడం వేరు, వినే హక్కు వేరు

ట్రంకు బోర్డు చూడని తరానికి కొంచెం వివరంగా చెప్పాలి. ఎదురుగా నిలువు బోర్డు, దాని నిండా వరసలుగా చిన్న చిన్న రంధ్రాలు, దీపాలు. ముందున్న బల్ల మీద జతలు జతలుగా కార్డులు. ఒక కొస పిలిచినవాళ్ల లైన్లో, రెండో కొస అవతలి ఊరి లైన్లో గుచ్చితే ఇద్దరూ కలుస్తారు. ప్రతి జతకూ ఒక కీ ఉండేది. ఒకవైపు వేస్తే మేమూ లైన్లో ఉంటాం, వినిపిస్తుంది. తీసేస్తే ఆ ఇద్దరే మిగులుతారు. మూడు నిమిషాలు కాగానే మళ్లీ లైన్లోకి వెళ్లి ‘త్రీ మినిట్స్ అయింది సార్, పొడిగించమంటారా?’ అని అడిగి బయటికి రావాలి.

పని నేర్పిన సీనియరు ఒకావిడ మొదటి రోజే చెప్పారు: “లైను కలిసిందని తెలిసిన మరుక్షణం కీ తీసెయ్యాలి బాబూ. కలిసిందా లేదా అన్నంతవరకే మన పని. ఆ తర్వాత మాటలు వాళ్లవి.”

మా వెనక సూపర్వైజర్ బల్ల ఉండేది. ఏ ఆపరేటరు అవసరానికి మించి లైన్లో ఉంటున్నాడో అక్కడినుంచి కనిపెట్టేవారు. విన్న మాట బయటికి చెప్పిన ఉద్యోగికి మూడేళ్ల దాకా జైలు శిక్ష వేయొచ్చని టెలిగ్రాఫ్ చట్టంలో 26వ సెక్షన్ ఉండేది. అంటే వినగలిగే స్థానంలో మమ్మల్ని కూర్చోబెట్టిన చట్టమే మా మీద ఒక కన్ను కూడా వేసి ఉంచింది. ప్రభుత్వాల నిఘాను కొలవడానికి నాకు ఈ ఒక్క కొలమానం చాలు: వినేవాడి వెనక ఎవరు నిలబడి ఉన్నారు?

2. చట్టం గీసిన గీత ఎక్కడుందో తెలుసుకోండి

‘ప్రభుత్వం తలచుకుంటే ఎవరి ఫోనైనా వింటుంది’ అని జనం మామూలుగా అనేస్తుంటారు. చట్టం అలా చెప్పలేదు. ఇంగ్లీషువాళ్లు 1885లో చేసిన టెలిగ్రాఫ్ చట్టం కూడా అంత స్వేచ్ఛ ఇవ్వలేదు. ఆ చట్టం 5(2) సెక్షన్ ప్రకారం ముందు రెండు పరిస్థితుల్లో ఏదో ఒకటి ఉండి తీరాలి: ప్రజలందరికీ సంబంధించిన అత్యవసర పరిస్థితి, లేదా ప్రజాభద్రతకు ముప్పు. అది ఉన్నాక కూడా దేశ సార్వభౌమత్వం, రాజ్య భద్రత, విదేశాలతో స్నేహసంబంధాలు, శాంతిభద్రతలు, నేరానికి రెచ్చగొట్టడాన్ని అడ్డుకోవడం అన్న కారణాల్లో ఒకదాని కోసం అవసరమని అధికారికి నమ్మకం కలగాలి. ఆ కారణం కాగితం మీద రాయాలి.

దాని స్థానంలో 2023లో వచ్చిన టెలికమ్యూనికేషన్స్ చట్టం 20వ సెక్షన్‌లోనూ ఇవే షరతులు ఉన్నాయి. అనుమతి లేకుండా వింటే మూడేళ్ల దాకా జైలు, లేదా రెండు కోట్ల రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ అని 42వ సెక్షన్ అంటుంది.

ఇవి ఉత్త అక్షరాలు కావు. లంచం కేసులో ఇచ్చిన ట్యాపింగు ఉత్తర్వులను 2019లో బొంబాయి హైకోర్టు కొట్టేసింది, రికార్డింగులను నాశనం చేయమంది. 2025 జులైలో మద్రాసు హైకోర్టు కూడా అలాంటి ఉత్తర్వునే రద్దు చేసింది. అవినీతి పెద్ద నేరమే. అయినా దాన్ని పట్టుకోవడానికి వేరే దారులున్నాయి. ప్రజాభద్రత పేరు చెప్పి ఫోను వినడం కుదరదని ఆ కోర్టులు తేల్చాయి. గీత ఎక్కడుందో తెలిసినవాళ్లు అడిగితేనే ఇలాంటి తీర్పులు వస్తాయి.

3. ఉత్తరం గుట్టు కోసం ఒక రాష్ట్రపతి బిల్లునే ఆపేశారు

ఫోనుకన్నా ముందు ఉత్తరం ఉంది. 1986లో పార్లమెంటు ఉభయ సభలూ పోస్టాఫీసు సవరణ బిల్లును ఆమోదించాయి. ప్రజల ఉత్తరాలను ఆపి చదివే అధికారాన్ని అది బాగా పెంచేది. రాష్ట్రపతి జైల్ సింగ్ దాని మీద సంతకం చేయలేదు, వెనక్కీ పంపలేదు. 1987 జులైలో పదవి దిగేవరకూ అలాగే అట్టేపెట్టారు. ఆ తర్వాత ఆర్. వెంకట్రామన్ దాన్ని తిప్పి పంపారు. చివరికి 2002లో బిల్లును వెనక్కి తీసుకున్నారు.

ఆ రోజుల్లో పత్రికల్లో, టీ కొట్ల దగ్గర దీని మీద వాదనలు జరిగాయి. 2023లో కొత్త పోస్టాఫీసు చట్టం వచ్చింది, 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. దాని 9వ సెక్షన్ కింద రాజ్య భద్రత, శాంతిభద్రతలు, అత్యవసర పరిస్థితి లాంటి కారణాలతో పాటు, ఏ చట్టాన్ని ఉల్లంఘించారన్న కారణంతోనైనా పార్సిలునూ కవరునూ ఆపి చూడొచ్చు. ఎవరు తనిఖీ చేస్తారు, ఎన్నాళ్లు దాచుకుంటారు, తప్పు జరిగితే ఎవరు జవాబు చెబుతారు అన్నది ఆ చట్టంలో రాయలేదు. అయినా దేశంలో పెద్దగా చప్పుడు లేదు. హక్కులు ఒక్కరోజులో పోవు. మొదట వాటి గురించి మాట్లాడటం పోతుంది.

4. భయానికి చెవి అక్కర్లేదు, అనుమానం చాలు

ఎమర్జెన్సీ నడిచిన 1975 జూన్ నుంచి 1977 మార్చి దాకా నేను కళ్లారా చూసింది ఇది. మా పేటలో ఒక ప్లీడరుగారుండేవారు. ఇంట్లో ఫోను పెట్టుకుని కూడా కక్షిదారు పేరు అందులో పలికేవారు కాదు. “రేపోసారి ఇటు రండి” అని పెట్టేసేవారు. ఆయన ఫోను ఎవరైనా విన్నారో లేదో ఆయనకూ తెలియదు, మాకూ తెలియదు. వినే అవసరం లేకుండానే నిఘా పని పూర్తయింది. ఆయన నోరు ఆయనే కట్టేసుకున్నారు.

ఎమర్జెన్సీ పోయి దాదాపు అర్ధ శతాబ్దం అయింది. ఇవాళ మన రెండు రాష్ట్రాల్లో తహసీల్దారు ఆఫీసు గుమాస్తా దగ్గర్నుంచి మంత్రిగారి పీఏ దాకా ఏమంటున్నారు? ‘నార్మల్ కాల్ వద్దండీ, వాట్సాప్‌లో చెయ్యండి’ అంటున్నారు. కొందరు ‘ఫోన్లో వద్దులే, కలిసినప్పుడు మాట్లాడుకుందాం’ అంటున్నారు. ప్రభుత్వాన్ని నడిపేవాళ్లకే ప్రభుత్వపు చెవి అంటే భయమైనప్పుడు మామూలు మనిషి సంగతి చెప్పాలా?

మా బంధువుల్లో అమెరికా చదువుకు పిల్లల్ని పంపుతున్నవాళ్లు చాలామంది. 2019 నుంచి వీసా దరఖాస్తులో సోషల్ మీడియా ఖాతాలు రాయమంటున్నారు. 2025 జూన్ నుంచి విద్యార్థి వీసా అడిగేవాళ్లు ఆ ఖాతాలను అందరికీ కనిపించేలా తెరిచి ఉంచాలంటున్నారు. ఫలితం మన ఇళ్లలోనే కనిపిస్తోంది. ‘ఒరేయ్, ఆ పోస్టులు తీసెయ్, ఎవరికీ లైకు కొట్టకు’ అని కన్నవాళ్లే పిల్లల నోరు నొక్కుతున్నారు. ఇరవై ఏళ్ల వయసులో అభిప్రాయం చెప్పకూడదని నేర్చుకున్న మనిషి నలభై ఏళ్లకు ఊరి సభలో లేచి నిలబడి మాట్లాడతాడా? పౌరహక్కులకు జరిగే అసలు నష్టం ఇది. ఇది ఏ కేసు డైరీలోనూ ఎక్కదు.

5. ‘తప్పు చేయనివాడికి భయమెందుకు’ అన్న మాటకు జవాబు ఉంది

ఈ మాట మా మనవరాలూ అడిగింది: “తాతయ్యా, నా ఫోన్లో ఏముందని ఎవరైనా చూస్తారు?” నేను దాన్నే అడిగాను. డాక్టరుతో మాట్లాడింది అందరికీ వినిపించనా? స్నేహితురాలు తన కాపురం గురించి చెప్పుకుని ఏడ్చింది వినిపించనా? ఆఫీసులో పైవాడు లంచం తింటున్నాడని నువ్వు విలేకరికి చెప్పింది ఆ పైవాడికే వినిపించనా? ఇందులో నేరం ఒక్కటీ లేదు. దాచుకోవలసినవి మాత్రం మూడూ.

ఇంకో సంగతి. తప్పు ఏమిటన్నది నిర్ణయించేది మీరు కాదు, వినేవాడు. 2021 అక్టోబరులో హైదరాబాద్ వీధుల్లో పోలీసులు బండ్లు ఆపి, కుర్రాళ్ల ఫోన్లు తీసుకుని, వాట్సాప్‌లో గంజాయి అన్న మాట కోసం వెతుకుతున్న వీడియోలు అందరం చూశాం. వారంటు లేదు, కేసు లేదు, ఫలానా మనిషి మీద అనుమానం కూడా లేదు. దారిన పోవడమే ఆ పిల్లలు చేసిన పని. మత్తుమందులను అరికట్టాల్సిందే. కానీ దారిన పోయే ప్రతివాడి ప్రైవేటు మాటలు నడిరోడ్డు మీద తిరగేస్తే, నేరం చేయనివాడు తన అమాయకత్వాన్ని తనే రుజువు చేసుకోవలసిన స్థితి వస్తుంది. మన న్యాయశాస్త్రం దానికి నేరుగా వ్యతిరేకం. మీకు ఇలాంటిది ఎదురైతే గొడవ పడొద్దు. ‘ఏ సెక్షన్ కింద అడుగుతున్నారండీ?’ అని మర్యాదగా, గట్టిగా అడగండి. ఆ ప్రశ్న అడగడం పౌరుడి హక్కు.

6. ట్యాపింగుకు పార్టీ లేదు

ఈ విషయంలో ఫలానా పార్టీవాళ్లు మంచివాళ్లు, ఫలానావాళ్లు చెడ్డవాళ్లు అని చూడకండి. 1988 ఆగస్టులో ఫోన్ ట్యాపింగు ఆరోపణలతో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే రాజీనామా చేశారు. ఆయన విలువల రాజకీయాలకు పేరుపడ్డ మనిషి. 1991 మార్చిలో రాజీవ్ గాంధీ ఇంటి దగ్గర ఇద్దరు హర్యానా కానిస్టేబుళ్లు నిఘా పెట్టి దొరికారన్న వివాదంలో చంద్రశేఖర్ ప్రధాని పదవికి రాజీనామా చేశారు.

మన దగ్గర చూస్తే, 2015లో ఓటుకు నోటు గొడవ సమయంలో మా ఫోన్లు తెలంగాణ ప్రభుత్వం ట్యాప్ చేసిందని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆరోపించింది. రాష్ట్రం విడిపోయిన ఏడాదికే ఒక తెలుగు ప్రభుత్వం చెవి గురించి ఇంకో తెలుగు ప్రభుత్వం ఫిర్యాదు చేసింది. 2024 మార్చిలో తెలంగాణ పోలీసులు తమ అధికారుల మీదే కేసు పెట్టారు. మావోయిస్టుల కదలికలు చూడాల్సిన స్పెషల్ ఇంటెలిజెన్స్ బ్యూరో ప్రతిపక్ష నాయకుల, ఇతరుల ఫోన్లు విన్నదని, 2023 డిసెంబరు 3న ఎన్నికల ఫలితాలు వచ్చాక ఆ మర్నాటి రాత్రి హార్డు డిస్కులు ధ్వంసం చేశారని అభియోగం. జడ్జీల ఫోన్లు కూడా విన్నారన్న వార్తలు రావడంతో హైకోర్టు తనంతట తానుగా విచారణకు తీసుకుంది. నేరం రుజువు కావలసి ఉంది. ఎవరు దోషులో కోర్టు చెబుతుంది.

ఈ సంఘటనలన్నిటిలో ఒక పోలిక గమనించండి. ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అందరూ ట్యాపింగుకు వ్యతిరేకులే. అధికారంలోకి వచ్చాక చట్టాన్ని బిగించినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. ప్రభుత్వం మారితే వినేవాడు మారతాడు. బల్ల మాత్రం అక్కడే ఉంటుంది.

7. కాగితం మీది కాపలాను లెక్క వేసి చూడండి

1991లో నాయకుల ఫోన్ల ట్యాపింగు మీద సీబీఐ ఇచ్చిన నివేదిక పత్రికలో వచ్చింది. అనుమతి గడువు దాటాక కూడా విన్నవి 133 కేసులని, కొత్త అనుమతి లేకుండా 180 రోజులు మించి విన్నవి 111 అని అందులో తేలింది. దాన్ని పట్టుకుని పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. 1996 డిసెంబరు 18న తీర్పు వచ్చింది. అప్పటికి పీయూసీఎల్ జాతీయ అధ్యక్షుడు మన హైదరాబాద్ న్యాయవాది కె.జి. కన్నబిరాన్.

ఫోన్లో మాట్లాడుకోవడం మనిషి ఏకాంతంలో భాగమని, విధానం లేకుండా వినడం 21వ అధికరణకు విరుద్ధమని ఆ తీర్పు చెప్పింది. హోం కార్యదర్శి స్థాయి అధికారి ఉత్తర్వు ఉండాలి. రెండు నెలల గడువు, పొడిగించినా ఆరు నెలలు మించకూడదు. ఆ సమాచారం మరో దారిలో దొరుకుతుందేమో ముందు చూడాలి. పైన ఒక సమీక్ష కమిటీ ఉండాలి. 2007లో ఇవే నిబంధనలయ్యాయి, 2024 డిసెంబరులో కొత్త రూపంలో వచ్చాయి.

మంచి తీర్పే. కానీ జడ్జి ముందస్తు అనుమతి కావాలన్న కోరికను ఆనాడు కోర్టు ఒప్పుకోలేదు. అందువల్ల ఇవాళ అడిగేది పోలీసు, అనుమతి ఇచ్చేది హోం కార్యదర్శి, సమీక్షించేది మరి ముగ్గురు కార్యదర్శులు. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి ఆ కమిటీకి పెద్ద. ఈ వరసలో ప్రభుత్వం బయటి మనిషి ఒక్కడూ లేడు.

ఇప్పుడు లెక్క వేద్దాం. కేంద్రం నెలకు సగటున 7,500 నుంచి 9,000 దాకా ఫోన్ ట్యాపింగు ఉత్తర్వులు ఇస్తున్నట్టు కొన్నేళ్ల కిందట సమాచార హక్కు దరఖాస్తుకు వచ్చిన జవాబుతో బయటపడింది. కమిటీ కూర్చునేది రెండు నెలలకోసారి. అంటే ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 ఫైళ్లు. ఇది అయ్యే పని కాదని డేటా రక్షణ మీద వేసిన జస్టిస్ బి.ఎన్. శ్రీకృష్ణ కమిటీ కూడా 2018లో అంది. ఆఫీసులో పనిచేసినవాడిగా చెబుతున్నాను, ఇన్ని ఫైళ్లు ఒక్క పూటలో ముందుకొస్తే ఎవరూ చదవరు, సంతకం పెడతారు.

8. మాట వినకపోయినా మనిషి దొరికిపోతాడు

ట్రంకు కాలుకు మేము ఒక చీటీ రాసేవాళ్లం. ఏ నంబరు నుంచి, ఏ ఊరికి, ఏ నంబరుకు, ఎన్ని గంటలకు, ఎన్ని నిమిషాలు. బిల్లు కోసం రాసే ట్రంకు టికెట్ అది. ఒక్క మాట వినకుండానే ఆ చీటీలు ఎన్నో చెప్పేసేవి. ఒకే ఇంటినుంచి వరసగా రాత్రిళ్లు మద్రాసు ఆసుపత్రికి కాల్స్ వెళ్లేవి. కొన్నాళ్లకు బంధువుల ఊళ్లన్నిటికీ తెల్లవారుజామున అర్జెంటు కాల్స్ పడేవి. ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పకుండానే అర్థమయ్యేది.

ఇవాళ ఆ చీటీ పేరు కాల్ డేటా రికార్డు. అందులో మీరు ఏ టవరు కింద ఉన్నారో కూడా ఉంటుంది. పగలు ఎక్కడ, రాత్రి ఎక్కడ, ఏ ధర్నాకు వెళ్లారు, ఏ విలేకరికి ఎంతసేపు ఫోన్ చేశారు అన్నీ వరసగా కనిపిస్తాయి. మాట వినడానికి హోం కార్యదర్శి ఉత్తర్వు కావాలి. ఈ రికార్డు తెప్పించుకోవడానికి అంత పైదాకా వెళ్లక్కర్లేదు. ఎస్పీ స్థాయి అధికారి చాలు.

2013 జూన్‌లో ఎడ్వర్డ్ స్నోడెన్ బయటపెట్టిన మొదటి రహస్యం ఇదే. అమెరికా ప్రభుత్వం కోట్ల మంది ఫోన్ రికార్డులను మూకుమ్మడిగా తీసుకుంటోందని లోకానికి తెలిసింది. ‘మాటలు వినడం లేదు కదా’ అని అక్కడి అధికారులు సమర్థించుకున్నారు. జనం ఒప్పుకోలేదు. 2015లో ఆ దేశ చట్టసభ కొత్త చట్టం చేసి ఆ పద్ధతిని ఆపింది. మన దగ్గర కాల్ డేటా మీద ఆ స్థాయి చర్చ ఇంకా మొదలే కాలేదు.

9. ఓడిన వాదన కూడా ఒకనాటికి గెలుస్తుంది

నిరాశపడేవాళ్ల కోసం ఈ పాఠం. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన్ని ఒక దోపిడీ కేసులో పట్టుకున్నారు. సాక్ష్యం లేక వదిలేశారు. కానీ పోలీసులు ఆయన పేరు మీద షీటు తెరిచారు. అర్ధరాత్రి తలుపు కొట్టడం, ఇంట్లోకి రావడం, ఎక్కడికి వెళ్తే అక్కడ వెంట ఉండటం. మన ఊళ్లలో రౌడీ షీటు తెరిస్తే ఏం జరుగుతుందో తెలిసినవాళ్లకు ఇది వివరించక్కర్లేదు.

1962 డిసెంబరు 18న సుప్రీంకోర్టులో ఆరుగురు జడ్జీలు తీర్పిచ్చారు. రాత్రిపూట ఇంట్లోకి రావడం తప్పన్నారు. మిగతా నిఘా తప్పు కాదని, ఏకాంతం ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ అంది. రాజమండ్రిలో పుట్టిన కోకా సుబ్బారావుగారు ఒప్పుకోలేదు. జస్టిస్ జె.సి. షా ఆయనతో కలిశారు. రాజ్యాంగంలో ఏకాంతం అన్న మాట లేకపోయినా వ్యక్తిస్వేచ్ఛలో అది విడదీయరాని భాగమని, ఎవరో వెంట ఉన్నారన్న ఎరుకతో బతికే మనిషి స్వేచ్ఛగా బతుకుతున్నట్టు కాదని సుబ్బారావుగారు రాశారు. ఆ రోజు అది మైనారిటీ అభిప్రాయం.

ఆధార్ కేసులో ఏకాంతం అసలు హక్కేనా అని కేంద్రం అడిగినప్పుడు, 2015లో ఆ ప్రశ్నను పెద్ద బెంచికి పంపిన ముగ్గురిలో పెద్ద మన కృష్ణా జిల్లా మనిషి జస్టిస్ జాస్తి చలమేశ్వర్. 2017 ఆగస్టు 24న తొమ్మిది మంది జడ్జీలు ఏకగ్రీవంగా ఏకాంతం ప్రాథమిక హక్కని తేల్చారు. సుబ్బారావుగారి మాటే చట్టమైంది. దానికి దాదాపు 55 ఏళ్లు పట్టింది. ప్రభుత్వం ఇందులో జోక్యం చేసుకోవాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన లక్ష్యం ఉండాలి, ఆ లక్ష్యానికి మించని చర్య ఉండాలి అన్న కొలతలు ఆ తీర్పే ఇచ్చింది.

10. గుట్టుగా జరిగేదానికి సాక్ష్యం తేవడం పౌరుడి వల్ల కాదు

ఇల్లు సోదా చేస్తే పంచనామా ఉంటుంది, సాక్షులుంటారు, మీ కళ్ల ముందు జరుగుతుంది. ఫోను వింటే మీకు తెలియదు. తర్వాతైనా చెప్పాలన్న నిబంధన మన దేశంలో లేదు. తెలియనిదాని మీద ఎవరు కోర్టుకు వెళ్తారు?

2021 జులైలో పెగాసస్ వ్యవహారం బయటపడింది. ఆ స్పైవేర్ ఫోన్లోకి చొరబడితే మాటలే కాదు, మైకు, కెమెరా, ఫోటోలు అన్నీ అవతలివాడి చేతుల్లో ఉంటాయి. అప్పటి ప్రధాన న్యాయమూర్తి మన ఎన్.వి. రమణగారి బెంచి ఆ అక్టోబరులో నిపుణుల కమిటీ వేసింది. జాతీయ భద్రత అన్న మాట వినగానే కోర్టు చేతులు ముడుచుకు కూర్చోదని స్పష్టం చేసింది. కమిటీ 29 ఫోన్లు పరీక్షించింది. అయిదింటిలో మాల్‌వేర్ ఉందని, అది పెగాససే అని నిర్ధారించలేమని చెప్పింది. కేంద్రం సహకరించలేదని 2022 ఆగస్టులో కోర్టులోనే వెల్లడైంది. ప్రభుత్వం ఆ సాఫ్టువేరు కొన్నదా లేదా అన్న సూటి ప్రశ్నకు సూటి జవాబు ఇప్పటికీ లేదు. దేశంలో అత్యున్నత న్యాయస్థానం అడిగితేనే జవాబు రాలేదు. మామూలు పౌరుడు ఒంటరిగా రుజువు తెచ్చుకోవాలనడం న్యాయం కాదు. ఏం చేశాడో చెప్పుకోవలసిన భారం వినేవాడి మీదే ఉండాలి.

11. వినడం తప్పు కాదు, ఒంటరిగా వినడం తప్పు

పసిబిడ్డను ఎత్తుకుపోయినవాడు డబ్బు కోసం ఫోన్ చేస్తే పోలీసులు వినాల్సిందే. బాంబు పెట్టడానికి పథకం వేస్తుంటే వినాల్సిందే. అలాంటి పని చేసే పోలీసులను నేను గౌరవిస్తాను. నిఘా అసలే వద్దని వాదించడం లేదు.

కానీ అమెరికాలో నేర పరిశోధన కోసం ఫోను వినాలంటే 1968 నుంచి జడ్జి ఉత్తర్వు ఉండాలి. ఏటా ఎన్ని ఇచ్చారో లెక్క అచ్చు వేస్తారు. బ్రిటన్‌లో 2016 చట్టం తర్వాత మంత్రి సంతకంతో పాటు న్యాయాధికారి ఆమోదమూ కావాలి. ఆ దేశాల్లో నేరస్తులు పట్టుబడటం ఆగలేదు. మన చట్టాలు మాత్రం ఇంకా వెనక్కే నడుస్తున్నాయి. ఐటీ చట్టం 69వ సెక్షన్ కింద ఏ కంప్యూటరులోని సమాచారాన్నైనా చూసే అధికారాన్ని 2018 డిసెంబరులో పది సంస్థలకు ఇచ్చారు. 2023 డేటా రక్షణ చట్టంలో కూడా కేంద్రం నోటిఫై చేసిన ప్రభుత్వ సంస్థలకు మినహాయింపు పెట్టారు. మన డేటాను కంపెనీల నుంచి కాపాడే చట్టం ప్రభుత్వం దగ్గరకొచ్చేసరికి పక్కకు తప్పుకుంది.

12. అడగవలసినవి నాలుగే

ఫోను వినడానికి ముందు జడ్జి అనుమతి. తొందరలో విన్నా రోజుల్లోనే జడ్జి ముందుకు ఫైలు. కేసు ముగిశాక, దేశభద్రతకు భంగం లేనప్పుడు, ఫోను విన్నామని ఆ మనిషికి తెలియజేయడం. ప్రతి ఏడాదీ కేంద్రమూ ప్రతి రాష్ట్రమూ ఎన్ని ఉత్తర్వులిచ్చాయో, ఎన్నింటిని కొట్టేశారో చట్టసభలో బల్ల మీద పెట్టడం. ఈ లెక్క చెబితే ఏ రహస్యమూ బయటపడదు, ఏ నేరస్తుడూ తప్పించుకోడు. చివరి పనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. మన రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలు తలచుకుంటే వచ్చే బడ్జెట్ సమావేశాల్లోనే చేయొచ్చు.

పార్టీ జెండా ఏదైనా సరే, ఓటు కోసం మీ గుమ్మంలోకి వచ్చినవారిని నిలబెట్టి ఒక్క ప్రశ్న అడగండి: మీరు గెలిస్తే మా ఫోన్లు వినడానికి జడ్జి అనుమతి తప్పనిసరి చేస్తారా, చేయరా? అవుననో కాదనో జవాబు చెప్పించండి. వాళ్లు చెప్పింది పదిమందికీ చెప్పండి, ఆ మాట ఫోన్లోనే చెప్పండి.